మీ జమ్మి

మా పార్కులో చెట్ల మీద రంగులు పడ్డ పొద్దున అందరికంటే ముందు చూసింది నేనే. చూడకపోతేనే వింత. ఉద్యోగమంతా ఢిల్లీలో ఒక తెలుగు బడిలో పిల్లలకు అచ్చులూ హల్లులూ చెప్పి, పరీక్ష హాల్లో సాక్సుల్లోంచీ టిఫిన్ డబ్బాల్లోంచీ చిట్టీలు లాగి లాగి, కళ్ళ ముందు ఏది మారినా నాకు ముందు అనుమానం, తర్వాతే ఆలోచన. "అనుమానం పెనుభూతం" అని ఎన్ని తరగతుల చేత చూచిరాత రాయించానో! రాసిన పిల్లలు బాగుపడ్డారేమో గానీ, రాయించిన నేను మాత్రం బాగుపడలేదు.

కొన్ని చెట్లకు పసుపుపచ్చ గీత గీశారు. అంటే కొమ్మలు కత్తిరిస్తారు. మూడు నాలుగు చెట్లకు ఎర్ర ఇంటూ మార్కు కొట్టారు. అంటే ప్రమాదకరం, కొట్టేసే ఆలోచన ఉందని. గేటుకు ఒక కాగితం అంటించారు. మే నెల గాలిదుమారానికి ఉయ్యాలల దగ్గర గుల్‌మొహర్ కూలింది కాబట్టి తోటల శాఖవాళ్ళు పార్కులో చెట్లన్నీ పరీక్ష చేశారట. ఆదివారం పొద్దున కాలనీవాళ్ళు వచ్చి తమ మాట చెప్పాలట. అది విన్నాకే ఏ చెట్టు సంగతైనా తేలుస్తారట. చదువుతున్నంతసేపూ నాకు ఒకటే గుబులు. ఇంత మర్యాదగా అడుగుతున్నారంటే లోపల ఏదో ఉంది. మనల్ని అడిగి ఎవరైనా ఏ పనైనా ఎప్పుడు చేశారు గనక?

మూలకు పోయి చూస్తే మా జమ్మిచెట్టు నడుము మీదే ఎర్ర ఇంటూ కొట్టి ఉంది. 

మయూర్ విహార్‌లో మా ఫ్లాట్ల వెనక, పార్కుకు యమున వైపు మూలలో, ప్రహరీగోడకు దగ్గరగా ఉండేది ఆ చెట్టు. ఫ్లాట్లు కట్టకముందు నుంచే ఉందట. మేము కొత్తగా వచ్చినప్పుడు, అప్పటికే ఇక్కడున్న తెలంగాణ కుటుంబాలవాళ్ళు "అదిగో మన జమ్మి" అని చూపించారు. అంతే, ప్రతి దసరా సాయంత్రం కొత్త చీరలు కట్టుకొని అక్కడికే పోయేవాళ్ళం. చిట్టీ మీద ఇంటిల్లిపాది పేర్లు రాసి కొమ్మకు కట్టి, చుట్టూ తిరిగి, ఆకు తెంపి "బంగారం" అని ఒకరి చేతిలో ఒకరు పెట్టి, పెద్దవాళ్ళ కాళ్ళకు మొక్కేవాళ్ళం. ఏడాది పొడుగునా మెట్ల మీద ఎదురైతే తలూపి తప్పుకునేవాళ్ళు కూడా ఆ ఒక్క సాయంత్రం అలాయ్ బలాయ్ ఇచ్చుకునేవాళ్ళు.

మా ఆయనకు మాత్రం ఆ చెట్టంటే వెటకారం. నాది హన్మకొండ, పట్నం పుట్టుక. ఆయనది నల్లగొండ వైపు నీళ్ళు లేని పల్లె. చిన్నప్పుడు బడికి పోతుంటే ముల్లు దిగి, లోపలే విరిగి, చీము పట్టిన మచ్చ ఆయన మడమ మీద ఇప్పటికీ ఉంది. దసరానాడు నేను తయారవుతుంటే గుమ్మంలో నిలబడి, "నడువుండ్రి, నడువుండ్రి, మీ జమ్మి ఎదురుచూస్తుంటది" అనేవారు. మీ జమ్మి ఏమిటి? మన జమ్మి అంటే నోరు అరుగుతుందా? దేవుడంటే లెక్కలేక అలా అంటున్నారనుకునేదాన్ని. అక్కడ అందరం శ్లోకం చదువుతుంటే ఆయన చేతులు కట్టుకొని మీసాల్లో నవ్వుకునేవారు. ఆకు మాత్రం అందరికంటే ముందు తీసుకొని, ఎవరికీ ఇవ్వకుండా చొక్కా జేబులో వేసుకునేవారు.

కిందటి చలికాలం ఆయనకు పక్షవాతం వచ్చింది. కాలు చాలామటుకు తిరిగి వచ్చింది, కుడిచెయ్యి సగం వచ్చింది. మాట రాలేదు. జీవితమంతా ఆఫీసులో మాట్లాడిన ఇంగ్లీషు పోయింది. కూరగాయల బండివాడితో పోట్లాడిన హిందీ పోయింది. అమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు మాత్రం ముక్కలు ముక్కలుగా మిగిలింది. నీళ్ళు. వద్దు. పా. ఉండు. పా అంటే బయటికి పోదామని. ఒక మాట పక్కన ఇంకో మాట వచ్చి కూర్చునేది కాదు. కొందరికి ఇలా చిన్ననాటి భాషే మిగులుతుందని డాక్టరు చెప్పాడు. "రోజూ ఆ భాష చెవిన పడాలి. బయటికి తీసుకెళ్ళండి, మనుషుల్లో కూర్చోబెట్టండి. ఇంట్లో పడుకోబెడితే ఉన్న మాటలు కూడా పోతాయి" అన్నాడు.

ఢిల్లీలో తెలుగు ఎక్కడ దొరుకుతుంది, అడుగు అడుగునా? మా అమ్మాయికి నోయిడాలో ఉద్యోగం. ఇక్కడే పుట్టి పెరిగింది. తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే రకం. ఇప్పుడు తండ్రి కోసం తెలుగు పట్టుకుంది. "నాన్నా, చాయ్ తాగింది?" "నాన్న గోలీ వేసుకుంది?" అని అడుగుతుంటే ఆయన పగలబడి నవ్వేవారు. ఆయన నవ్వు చూసి అది వంటింట్లోకి వచ్చి ఏడ్చేది.

నా నోరూ మారింది. పెళ్ళయినప్పటి నుంచీ "రండి, తినండి, మీరు" అన్న నోరు, చెంచాతో జావ తాగించిన రోజుల్లో ఎప్పుడు జారిందో తెలియదు, "తాగు, లే, కూసో"లోకి దిగిపోయింది. పసివాడితో అన్నట్టు. దిగినంత సులువుగా మళ్ళీ ఎక్కలేకపోయాను.

అందుకే ఆ జమ్మి కింది బెంచీ నాకు కావాలి. రోజూ సాయంత్రం చాయ్ తాగాక ఆయనను అక్కడికి నడిపించుకొని పోయేదాన్ని. వెనక బ్లాకులో ఉండే గోదావరి జిల్లా పెద్దాయన వచ్చి పక్కన కూర్చునేవారు. రిటైరయ్యాక కూడా ఢిల్లీ వదలలేక ఇక్కడే ఉండిపోయిన మనిషి. ఆయనకు చెప్పడానికి చెవులు కావాలి, మా ఆయనకు వినడానికి తెలుగు కావాలి. ఇద్దరికీ సరిపోయింది. గేటు దగ్గర వేపచెట్టు కింద ఇంతకంటే మంచి బెంచీ ఉంది. అక్కడ కూర్చోబెట్టి చూశాను. లేచి, కర్ర పట్టుకొని, కాలీడ్చుకుంటూ మళ్ళీ ఈ మూలకే వచ్చారు. ఇంకెక్కడా నిలవరు. కాబట్టి చెట్టు పోతే బెంచీ పోతుంది, బెంచీ పోతే ఆయన ఇల్లు కదలరు, ఇల్లు కదలకపోతే ఆ నాలుగు మాటలూ పోతాయి. నాకు ఇది తప్ప ఇంకేమీ తోచేది కాదు.

ఆ చెట్టు కింద ఆయనకు ఒక చిక్కు మాత్రం ఉండేది. తుమ్ము వచ్చినట్టే వచ్చి ఆగిపోయేది. తలెత్తి కొమ్మల్లోకి చూసి, నోరు తెరిచి, "తుమ్మ... తుమ్మ..." అనేవారు. ఢిల్లీ దుమ్ముకు తుమ్ములు ఎవరికి రావు? గబుక్కున రుమాలు తీసి ముక్కుకు పట్టి "చిరంజీవ, చిరంజీవ" అనేదాన్ని. పిల్లలు తుమ్మితే అనే మాట అది, మొగుణ్ణి ఎవరూ అనరు. తీరా చూస్తే తుమ్ము రాదు. ఆయన రుమాలు తోసేసి, మొహం గంటు పెట్టుకొని అటు తిరిగి కూర్చునేవారు. వచ్చే తుమ్ము ఆగితే ఎవరికైనా చిరాకే కదా అనుకునేదాన్ని.

"ఏవండీ, ఒక్కసారి గట్టిగా తుమ్మేసెయ్యండి, పీడా వదిలిపోద్ది" అని సలహా ఇచ్చేవారు గోదావరి పెద్దాయన.

ఎర్ర ఇంటూ చూసిన రోజు నుంచి నేను బాల్కనీలో కాపలా కాశాను. నా అనుమానమంతా కాలనీ సెక్రెటరీ మీద. పంజాబీ ఆయన, నమస్తే పెడితే రెండు చేతులతో పెడతాడు, అందుకే నాకు నమ్మకం తక్కువ. ఆ మధ్యే ఏనుగంత కారు కొన్నాడు. అది ఆయన గేటు ముందు పట్టదు. జమ్మిచెట్టూ దాని పక్క గోడా లేకపోతే ఆ మూల కారుకు అతికినట్టు సరిపోతుంది. ఇంకా కావలసిందేమిటి? నేను ఇలా అనుకుంటూ ఉండగానే ఒక పొద్దున ఆయన టేపు పట్టుకొని వచ్చాడు. చెట్టు మొదలు దగ్గర ఒక కొస పెట్టి, రెండో కొస లాక్కుంటూ బెంచీ దాకా వచ్చి, ఏదో లెక్క చూసుకొని, తల ఊపుకుంటూ పోయాడు. "దొరికావురా దొంగా!" అనుకున్నాను.

మర్నాడు చెట్టు మొదట్లో తెల్లటి పొడి కనిపించింది. చెట్టును చడీచప్పుడు లేకుండా చంపాలంటే వేళ్ళలో ఏవేవో మందులు పోస్తారని ఎక్కడో విన్నాను. స్టీలు డబ్బాలో ఇంత ఎత్తుకొచ్చి వంటగట్టు మీద పెట్టాను. మా అమ్మాయి మూత తీసి వాసన చూసి, "మమ్మీ, యే తో ఆటా హై!" అని ఒకటే నవ్వు. గోధుమపిండిలో పంచదార కలిపి చీమలకు వేస్తారట, పుణ్యమని. వేసేదెవరయ్యా అంటే సెక్రెటరీ భార్య. అయితే మాత్రం? చీమలు చేరితే చెట్టు గుల్ల కాదూ? అసలు ఎత్తు అదేనేమో!

అనుమానం నా ఒక్కదాని సొత్తు అనుకోకండి. కింది ఫ్లాటు ఆమె మెట్ల దగ్గర నన్ను ఆపి, చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

"దీదీ, బురా మత్ మాన్‌నా. ఆప్ లోగ్ ఉస్ పేడ్ పర్ కాగజ్ బాంధ్‌తే హైఁ... కిస్‌కే నామ్ కా?"

ఆ చెట్టుకు కాగితాలు కడుతున్నారే, అవి ఎవరి పేరు మీద అని. చేతబడి అనుకుంటోంది మహాతల్లి! మా ఇంటివాళ్ళ పేర్లే రాసి కడతామనీ, దసరా ఆచారమనీ విడమరిచి చెప్పాను. "అచ్ఛా, అచ్ఛా" అంది. నా మాట ఆమె నమ్మలేదు, ఆమె అచ్ఛా నేను నమ్మలేదు.

ఆ సాయంత్రం బెంచీ దగ్గర గోదావరి పెద్దాయనతో నా బాధంతా వెళ్ళబోసుకున్నాను. ఆదివారం మనవాళ్ళందరం కలిసి వెళ్ళి, ఇది పూజచెట్టు, ముట్టుకోవద్దని చెప్పాలన్నాను. ఆయన కాసేపు చెట్టు వంక చూశారు.

"చెప్పొచ్చు గానమ్మా, ఇది మటుకు తుమ్మితే ఊడే ముక్కులా ఉంది. మొన్న గాలి కొట్టినప్పుడు చూశాను, మొదలంటా కదులుతోంది. పడితే ఈ బెంచీ మీదే కదా?"

"మీరు కూడా వాళ్ళ పక్షమేనా బాబాయిగారూ?"

"పక్షవేంటమ్మా! నా నెత్తి గురించి నేను చెప్పుకోకూడదా?"

మా ఆయన పెద్దాయన వైపు తిరిగి గట్టిగా, "తుమ్మ!" అన్నారు.

"చూశారా, మీరు ఆ మాట ఎత్తారు, ఆయనకు రానే వచ్చింది" అని రుమాలు తీశాను. మా ఆయన నా చేతి మీద ఒక్కటి వేశారు. నొప్పి పుట్టేలాగే వేశారు.

నాకూ భయం లేకపోలేదు. ఆ చెట్టు మొదట్లో చెయ్యి దూరేంత తొర్ర ఉంది. గాలి ఎక్కువగా ఉన్న రోజు ఆయనను బెంచీకి ఆ చివర కూర్చోబెట్టేదాన్ని, చెట్టు పడితే బెంచీ చివర చూసి ఆగుతుందన్నట్టు. కానీ పడుతుందో లేదో తెలియని చెట్టు ఒకవైపు, ఇంట్లో కూర్చోబెడితే ఖాయంగా పోయే మాటలు ఒకవైపు. నేను మాటల వైపు నిలబడ్డాను.

ఆదివారం వచ్చింది. తోటల శాఖ నుంచి వచ్చిన అధికారి మా అమ్మాయి ఈడు పిల్ల. చేతిలో చెక్క సుత్తి ఉంది. ఇంత చిన్నపిల్లను పంపారంటే సంతకం పెట్టించుకొని పోవడానికే అనుకున్నాను. కానీ ఆ పిల్ల తొందరపడలేదు. ఒక్కో చెట్టు దగ్గరా ఆగి, సుత్తితో తట్టి చూపించి, ఇందులో ఇది లోపం, మీరేమంటారు అని అడిగింది. ఒకచోట కొమ్మ తొర్రలో చిలకలున్నాయని పిల్లల తల్లులు గోల చేస్తే, ఆ కొమ్మ వదిలేసి మిగతావే కత్తిరిస్తామంది. ఒక ముసలాయన నీలగిరి చెట్లన్నీ కొట్టేయమంటే, గట్టిగా ఉన్నవాటిని ఎందుకు కొట్టాలని ఆయననే ఎదురు అడిగింది. ఇదంతా నాటకమేమో, మా చెట్టు దగ్గరికి వచ్చేసరికి తెర లేస్తుందేమో అని నేను కాచుకొని ఉన్నాను.

మా చెట్టు దగ్గర ఆగి ఒకవైపు తట్టింది. టక్కుటక్కుమంది. ఇంకోవైపు తట్టింది. ఖాళీ డ్రమ్ము మోగినట్టు మోగింది. తొర్రలోకి ఇనుప ఊచ పెడితే సగానికి పైగా దిగిపోయింది. చెట్టు బెంచీ వైపు ఒరిగి ఉంది, వచ్చే గాలిదుమారానికి నిలవదు, తీసేయడమే మంచిదని హిందీలో చెప్పింది. మా ఆయన ఎప్పటిలాగే ఆ బెంచీ మీదే కూర్చొని ఉన్నారు. ఆ మాట విని అందరూ ఆయన వైపే చూశారు.

నేను ముందుకు వచ్చాను. నా వెనక తెలుగువాళ్ళు పదిమంది ఉన్నారు. "యే హమారా పూజా కా పేడ్ హై" అని మొదలుపెట్టి, ప్రతి దసరాకి మేము ఇక్కడికే వస్తామనీ, పాండవులు ఆయుధాలు దాచింది ఈ చెట్టు మీదేననీ ఏకరువు పెట్టాను. ఈ చెట్టు మీదే అంటే ఈ జాతి చెట్టు మీద అని. నా హిందీలో అది యమున ఒడ్డున ఈ మూలనే దాచినట్టు వినిపించింది కాబోలు, పిల్లలు కొందరు ఆశ్చర్యంగా పైకి చూశారు.

సెక్రెటరీ చటుక్కున చెప్పులు విడిచి, చెట్టుకు చేతులు జోడించాడు. "పూజా కా పేడ్? పహలే బతానా థా, బహన్‌జీ!" ముందే చెప్పొద్దా అంటూ, అయితే కొట్టొద్దు, కర్రలు ఊతం పెట్టి, చుట్టూ కంచె వేసి, బెంచీని గేటు దగ్గరికి మార్చేద్దామని తనే అధికారికి చెప్పాడు.  బెంచీ మారిస్తే చెట్టుండి నాకేం లాభం? ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే ఇందులో ఏదో మడతపేచీ ఉందనుకుంటూనే ఉన్నాను!

"పూజ చేసే చెట్టంటే ఏ చెట్టు ఆంటీ?" అని అడిగింది అధికారి.

"శమీ" అన్నాను.

ఆ పిల్ల ఒక కొమ్మ వంచి చూసి, నెమ్మదిగా తల అడ్డంగా ఊపింది. "యే శమీ నహీఁ హై, ఆంటీ. విలాయతీ కీకర్ హై." ఇది శమీ కాదట, ఎప్పుడో విదేశాల నుంచి తెచ్చి నాటితే ఢిల్లీ అంతా అల్లుకుపోయిన జాతి అట. ముళ్ళు జంటలు జంటలుగా ఉన్నాయి చూడమంది. శమీకి ముళ్ళు చిన్నగా, కొమ్మ పొడుగునా చెదురుగా ఉంటాయంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అదీ సంగతి! చెట్టును కొట్టడానికి వీలుకాలేదు, అందుకని పేరు కొట్టేస్తున్నారు. "మా పెద్దవాళ్ళు చూపించిన చెట్టు ఇది. ఇంతమందిమి ఇన్నేళ్ళు కళ్ళు మూసుకొని మొక్కామా?" అని హిందీ మరిచిపోయి తెలుగులోనే అరిచాను. మొక్కేటప్పుడు ఎవరైనా కళ్ళు మూసుకొనే మొక్కుతారని ఆ కోపంలో తోచలేదు.

నా అరుపుకు మా ఆయన కర్ర ఊతంతో లేచారు. చెట్టు దగ్గరికి వచ్చి, పైకి చూసి, "తుమ్మ" అన్నారు.

"ఉండు, ఒక్క నిమిషం" అని అలవాటు కొద్దీ రుమాలు తీసి ముక్కు దగ్గర పెట్టాను. "చిరంజీవ, చిరంజీవ..."

రుమాలు లాగి కింద పారేశారు. ఎడమ అరచేత్తో చెట్టును ఫెడీమని కొట్టారు. మొహం ఎర్రబడింది, మెడ నరాలు ఉబ్బాయి. మళ్ళీ ఏదో ముంచుకొస్తోందని భుజం పట్టుకున్నాను.

"స... సర్... సర్కారు..." అని ఆగి, ఊపిరి తీసుకొని, అందరికీ వినబడేలా అన్నారు. "సర్కారు తుమ్మ."

 సెక్రెటరీ కంగారుగా, "సర్కార్? సర్కార్ నే క్యా కియా?" అన్నాడు. ప్రభుత్వం మీద ఫిర్యాదు అనుకున్నాడు పాపం.

గోదావరి పెద్దాయన తొడ చరుచుకున్నారు. "ఓరినాయనో! సర్కారు తుమ్మేనండోయ్! మావూరి పుంత పొడుగునా ఇదే కంప! ఇన్నాళ్ళూ మనిషి తుమ్మ తుమ్మ అని మొత్తుకుంటుంటే ముక్కు పట్టుకున్నావేంటమ్మా!"

"మరి మీరు తుమ్మమని సలహాలిచ్చారుగా!" అన్నాను. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ ఆపుకోలేకపోయాను. కోర్టులో సొంత మొగుడే ఎదురుసాక్షి చెప్పినట్టయింది. కానీ నేను వింటున్నది సాక్ష్యం కాదు. చలికాలం నుంచి ఒక మాట పక్కన ఇంకో మాట చేరని నోట్లోంచి రెండు మాటలు కలిసి వచ్చాయి. అవి నా చెట్టును పడగొట్టే మాటలైతేనేం!

ఆ పిల్ల విలాయతీ కీకర్ అన్నదీ, ఆయన తుమ్మ అన్నదీ ఈ చెట్టునే. ఒకటొకటిగా అన్నీ తెలిసివచ్చాయి. మీ జమ్మి, మీ జమ్మి అని ఆయన నవ్వింది దేవుణ్ణి చూసి కాదు, హన్మకొండ పట్నపుదాని తెలివిని చూసి. ఆయన మడమలో విరిగింది ఈ ముల్లే. దసరా దసరాకి జేబులో దాచుకున్నది బంగారం కాదు, తన ఊరి ఆకు. గేటు దగ్గర వేపనీడ వదిలి కాలీడ్చుకుంటూ వచ్చి కూర్చున్నది జమ్మి కింద కాదు, ఈ తుమ్మ కింద. మేమంతా పండగ చేసుకుంటుంటే చెడగొట్టడం ఎందుకని ఇన్నేళ్ళు నోరు మూసుకున్నారు. నోరు పోయాక చెప్పాలనుకుంటే నేను రుమాలు అడ్డం పెట్టాను.

కళ్ళు తుడుచుకొని అధికారితో అన్నాను, "మా ఆయన చెప్పారు కదా. తుమ్మచెట్టే. మీరు చేసేది మీరు చేయండి. బెంచీ మాత్రం ఇక్కడి నుంచి కదలకూడదు." ఆ పిల్ల సరేనంది. ఈ చోటనే నిజమైన శమీ మొక్క పెట్టిస్తానని కూడా అంది.

అందరూ వెళ్ళిపోతుంటే సెక్రెటరీని ఆపి, ఆ రోజు టేపుతో ఏం కొలిచారని మొహం మీదే అడిగేశాను. ఆయన దాచలేదు. చెట్టు పడితే ఎంతవరకు వస్తుందో, మా ఆయన కూర్చునే బెంచీ మీద పడుతుందో లేదో చూశాడట. "సీధా బెంచ్ పే ఆతా హై. భాయీసాబ్ వహీఁ బైఠ్‌తే హైఁ నా" అన్నాడు. ఎర్ర మార్కు పడేలా చూసింది కూడా తనేనట.  దండం పెట్టాను. అయినా ఆ కారు సంగతి నాకింకా తేలలేదు, ఒక కన్ను వేసే ఉంచాను.

పెద్ద కార్యాలయం నుంచి అనుమతి రావడానికి కొంత ఆలస్యమైంది. దసరా ఇంకా రాకముందే మనుషులు తాళ్ళతో, రంపాలతో వచ్చారు. పై కొమ్మలు దించి, చివరికి మొదలు కోస్తే లోపలంతా పిండి. ఒక బిందె పట్టేంత డొల్ల. పైన పచ్చగా ఊగుతూ ఎలా నిలబడిందో ఇన్నాళ్ళు! అంతా బాల్కనీలోంచి ఇద్దరం చూశాం. ఆయన మొహంలో ఏమీ కనిపించలేదు. ఇక అటు రారు, అయిపోయింది అనుకున్నాను. అయినా అలవాటు కొద్దీ చాయ్ పెట్టాను.

ఆయన చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, తనే వంగి చెప్పుల్లో కాళ్ళు దూర్చారు. "పా" అన్నారు.

నీడ లేని బెంచీ మీద ఇద్దరమే కూర్చున్నాం. గోదావరి పెద్దాయన ఇంకా రాలేదు. నేలంతా రంపంపొట్టు పరుచుకొని ఉంది. ఆయన వంగి ఒక ఎండు కాయ ఏరి, అటూ ఇటూ తిప్పి చూసి, జేబులో వేసుకున్నారు. అంతలో యమున వైపు నుంచి గాలి లేచింది. పొట్టంతా నా మొహం మీదికి వచ్చింది. నేను తుమ్మాను. ఉత్తుత్తి తుమ్ము కాదు, చెవులు మూసుకుపోయేలా ఒకటి, దాని వెనకే ఇంకొకటి. రుమాలు కోసం నడుములో తడుముకుంటుంటే ఆయనే లాగి తీశారు. ఆ సగమే వచ్చిన కుడిచేత్తోనే, వణుకుతూ, నా ముక్కు దగ్గర పట్టారు.

"చిరంజీవ" అన్నారు.

ఒక్క అక్షరం తడబడలేదు. తల ఎత్తి చూస్తే, మీసాల్లో ఆ పాత దసరా నవ్వు.

 ఎండ గోడ దాటిపోయాక, ఆయన కర్ర అందించి, "పొద్దుపోయింది, ఇంటికి పోదాం, లేవండి" అన్నాను.